గదిలో ఒక్క ల్యాన్ వైరు, నాలుగు పరికరాలు: ల్యాప్‌టాప్ నెట్ మిగతావాటికి పంచడం

తర్వాత చదివేవాళ్ల కోసం ముందుగా మీ సమస్యను క్లుప్తంగా చెప్తాను. మీరుండేది హైదరాబాద్‌లో ఒక పీజీ హాస్టల్ మూడో అంతస్తు. హాస్టల్ వైఫై మీ గదికి సరిగ్గా అందదు, కానీ గోడకు ల్యాన్ పాయింట్ ఉంది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు వైరు పెడితే నెట్ చక్కగా వస్తోంది. ఆ నెట్‌ను వైఫైగా పంచడానికి ల్యాప్‌టాప్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే మాత్రం మీ ఫోన్ ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ దగ్గరే తిరుగుతోంది. మీ రూమ్మేట్ ఏదో వీడియో చూసి తన ఫోన్‌లో అడ్రస్ చేత్తో కొడితే అది కనెక్ట్ అయింది, అయినా సైట్లు తెరుచుకోవడం లేదు. టీవీకి పెట్టిన స్ట్రీమింగ్ స్టిక్‌లో మీ హాట్‌స్పాట్ పేరే కనబడదు. మెస్‌కు వెళ్లి వచ్చేసరికి హాట్‌స్పాట్ ఆఫ్ అయిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌తో పాటు ఒక యాంటీవైరస్ ట్రయల్ వచ్చిందని కూడా రాశారు. అది రాయడం చాలా మంచిదైంది, ఎందుకో చెప్తాను.

ఈ నాలుగూ నాలుగు వేర్వేరు సమస్యలు కావు. మొదటి రెండింటి మూలం ఒకటే. మిగతా రెండు సెట్టింగుల్లో సరిపోతాయి. ల్యాప్‌టాప్ పాడైందేమో, ఫార్మాట్ చేయాలా అని టెన్షన్ పడుతున్నారు. అక్కర్లేదు.

హాట్‌స్పాట్ ఆన్ చేసిన క్షణం నుంచి మీ ల్యాప్‌టాప్ రౌటర్ పని చేస్తుంది. ఆ పనిలో మూడు భాగాలున్నాయి. ఒకటి, వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు, ఇవ్వడం. దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. విండోస్‌లో ల్యాప్‌టాప్ తనకు 192.168.137.1 పెట్టుకుని, మిగతావాటికి 192.168.137 తోనే మొదలయ్యే అడ్రసులు ఇస్తుంది. రెండు, సైటు పేరు అడిగితే దాని అసలు నంబరు తెలుసుకుని చెప్పడం, అంటే డీఎన్ఎస్. మూడు, అందరి డేటాను ఒకే వైరు మీదుగా బయటికి పంపి, వచ్చిన జవాబును అడిగినవాళ్లకే అప్పగించడం. దీని పేరు న్యాట్. అపార్ట్‌మెంట్‌లో అందరి సామానూ గేటు దగ్గర ఒక్క వాచ్‌మన్ చేతికే వస్తుంది. ఏ ఫ్లాటువాళ్లు ఏది తెప్పించుకున్నారో అతను పుస్తకంలో రాసుకుని ఎవరిది వాళ్లకు చేరుస్తాడు. న్యాట్ చేసేది అదే. బయటి నెట్‌వర్క్‌కు మీ ల్యాప్‌టాప్ ఒక్కటే కనబడుతుంది, లోపల ఎన్ని ఫోన్లున్నాయో దానికి నేరుగా కనబడదు.

ఇప్పుడు మీ రూమ్మేట్ ఫోన్ చూడండి. అడ్రస్ చేత్తో కొడితే కనెక్ట్ అయిందంటే వైఫై బాగుంది, పాస్‌వర్డ్ బాగుంది, రేడియో బాగుంది. మీ ఫోన్‌కు ఆగిపోయింది అడ్రస్ ఇచ్చే పని ఒక్కటే. తన ఫోన్‌లో గేట్‌వే (బయటికి వెళ్లే దారి), డీఎన్ఎస్ రెండు గడుల్లోనూ 192.168.137.1 కొట్టానని చెప్పారట. అంటే పేర్లు కూడా మీ ల్యాప్‌టాప్‌నే అడుగుతోంది, అక్కడ జవాబు లేదు. అడ్రస్ ఇచ్చేదీ, పేరు చెప్పేదీ రెండూ ల్యాప్‌టాప్ లోపల నడిచే సర్వీసులు. ఫోన్లు వాటి తలుపు తట్టాలి, డీహెచ్‌సీపీకి 67వ పోర్టు, డీఎన్ఎస్‌కు 53వ పోర్టు. ఆ రెండు తలుపులూ ఎవరో మూసేశారు. ఏ అభ్యర్థనను లోపలికి రానివ్వాలో చూసే కాపలా ప్రోగ్రామే ఫైర్‌వాల్. విండోస్ సొంత ఫైర్‌వాల్ అయితే తన హాట్‌స్పాట్‌కు కావలసిన దారి తనే తెరుచుకుంటుంది. యాంటీవైరస్‌తో వచ్చే ఫైర్‌వాల్ ఈ కొత్త హాట్‌స్పాట్ అడాప్టర్‌ను (ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌కు కలిసే భాగాన్ని అడాప్టర్ అంటారు) ముక్కూమొహం తెలియని పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేసి, దాని మీద వచ్చిన అడ్డమైన అభ్యర్థననూ వెనక్కి తోసేస్తుంది. నా అనుమానం నూటికి తొంభై వంతులు దాని మీదే.

తేల్చుకోవడం చాలా తేలిక. రూమ్మేట్ ఫోన్‌లో డీఎన్ఎస్ గడిలో మాత్రం 8.8.8.8 అని మార్చమనండి. గేట్‌వే 192.168.137.1 అలాగే ఉండాలి. సైట్లు వెంటనే తెరుచుకుంటే నేను చెప్పింది నిజమైనట్టే: డేటా దాటుతోంది, ల్యాప్‌టాప్ తలుపు తట్టడమే కుదరడం లేదు. అప్పుడు యాంటీవైరస్‌లో ఫైర్‌వాల్‌ను ఒక్క రెండు నిమిషాలు ఆపి, మీ ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ కొట్టి మళ్లీ కలపండి. అడ్రస్ వచ్చేస్తుంది. దయచేసి ఫైర్‌వాల్‌ను అలా ఆపేసి వదిలేయకండి. హాస్టల్ ల్యాన్‌లో పక్క గదుల కంప్యూటర్లన్నీ మీతో ఒకే వైరు మీద ఉన్నట్టే. ఆ యాంటీవైరస్ నెట్‌వర్క్ సెట్టింగులకు వెళ్లి, హాట్‌స్పాట్ నెట్‌వర్క్‌ను మాత్రమే ట్రస్టెడ్ లేదా హోమ్‌గా మార్చి ఫైర్‌వాల్ తిరిగి ఆన్ చేయండి. ట్రయల్ గడువు అయిపోయి ఉంటే దాన్ని పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కు వదిలేయడమే నేను చేసే పని. గడువు దాటిన ట్రయల్ ఫైర్‌వాల్ ఇలాంటి అడ్డంకులు పెట్టడం చాలాసార్లు చూశాను.

పని అయ్యాక రూమ్మేట్ ఫోన్‌లో చేత్తో కొట్టిన అడ్రస్ తీసేసి మళ్లీ ఆటోమేటిక్ పెట్టమనండి. లేకపోతే రేపు ఇంటికి వెళ్లి అక్కడి వైఫైలో అదే పేరు, అదే సెట్టింగు తగిలితే మళ్లీ తలనొప్పి.

ఫైర్‌వాల్ ఆపినా అడ్రస్ రాకపోతే ఫోన్‌లో వచ్చిన అడ్రస్ ఏంటో చూడండి. 169.254తో మొదలైతే ఎవరూ ఇవ్వలేదు, పరికరం తనంతట తనే పెట్టుకుంది అని అర్థం (ఇది ఇంకో విండోస్ ల్యాప్‌టాప్‌ను కలిపి చూస్తే తేటగా కనబడుతుంది). అలాంటప్పుడు సర్వీసెస్ విండో తెరిచి, ‘ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్’ అనే సర్వీసు నడుస్తోందో లేదో చూసి రీస్టార్ట్ చేయండి. తర్వాత హాట్‌స్పాట్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. ‘హాట్‌స్పాట్ పెట్టలేకపోతున్నాం’ అనే మెసేజ్ వచ్చే వాళ్లకు వేరే కారణం: డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి దాచిన పరికరాలు చూపించమంటే, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద ‘మైక్రోసాఫ్ట్ వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్’ డిసేబుల్ అయి ఉంటుంది. ఎనేబుల్ చేస్తే చాలు.

ఇక టీవీ స్టిక్. పాత స్టిక్‌లు, చౌక టీవీలు, స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే చూడగలవు. మీ ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో మొదలైతే ఆ పేరు వాటికి ఎప్పటికీ కనబడదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మొబైల్ హాట్‌స్పాట్, ప్రాపర్టీస్ దగ్గర ఎడిట్ నొక్కితే పేరు, పాస్‌వర్డ్‌తో పాటు బ్యాండ్ కూడా అడుగుతుంది. 2.4 ఎంచుకోండి. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలి. పేరులో మీ అసలు పేరు, గది నంబరు పెట్టకండి, ఆ అంతస్తులో ఉన్నవాళ్లందరి ఫోన్లలోనూ అది కనబడుతుంది. ఇంకొక సంగతి: ల్యాప్‌టాప్‌లో వైఫై ఆన్‌లోనే ఉండాలి, కానీ హాస్టల్ బలహీన వైఫైకి అది కనెక్ట్ అయి ఉండకూడదు. లోపల ఉన్న రేడియో ఒక్కటే కాబట్టి, బయటి వైఫై ఏ చానల్‌లో ఉంటే హాట్‌స్పాట్ కూడా దాని వెనకే వెళ్లాల్సి వస్తుంది. మీరు 2.4 అడిగినా ఫలితం ఉండదు. హాస్టల్ వైఫైకి ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే టిక్ తీసేయండి.

ఆఫ్ అయిపోవడానికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. హాట్‌స్పాట్ పేజీలోనే ‘పవర్ సేవింగ్’ అనే మీట ఉంటుంది. ఏ పరికరమూ కలిసి లేకపోతే కొద్ది నిమిషాల్లో హాట్‌స్పాట్‌ను అదే ఆపేస్తుంది. మీరిద్దరూ ఫోన్లు పట్టుకుని మెస్‌కు వెళ్తే జరిగేది అదే. ఆ మీట ఆఫ్ చేయండి. రెండోది ల్యాప్‌టాప్ నిద్రపోవడం. ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్‌కు వెళ్లకుండా, మూత వేసినా ఏమీ చేయకుండా పవర్ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. మూత వేసి పరుపు మీద మాత్రం పెట్టకండి. ఫ్యాన్ గాలి ఆడక బాగా వేడెక్కుతుంది. బల్ల మీద ఉంచండి.

2001లో మా ఊరి నెట్ సెంటర్‌లో పనిచేసే రోజుల్లో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉండేది. విండోస్ 98 సెకండ్ ఎడిషన్ 1999లో వచ్చింది, కనెక్షన్ షేరింగ్ విండోస్‌లో మొదలైంది దానితోనే. ఒక కంప్యూటర్‌కు 56 కేబీపీఎస్ మోడెమ్, ఫోన్ లైను. మిగతా మూడు కంప్యూటర్లు దాని వెనక. ఎంసెట్ ఫలితాల రోజున కుర్చీ దొరికేది కాదు, పిల్లలు హాల్ టికెట్ నంబర్లు కాగితం మీద రాసుకుని వరండాలో నిలబడేవాళ్లు. ఆ రద్దీలో ఎవరో మోడెమ్ ఉన్న కంప్యూటర్ పవర్ బటన్ నొక్కేశారు. నాలుగూ ఒక్కసారే పోయాయి. మళ్లీ డయల్ అయ్యే వరకు ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను. అప్పటి నుంచి నెట్ పంచే కంప్యూటర్‌ను ఎవరూ కూర్చోని చోట పెట్టేవాళ్లం. మీ గదిలోనూ ఆ ల్యాప్‌టాప్ నిద్రపోతే, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయితే, మీరు దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోతే రూమ్మేట్‌కు నెట్ ఉండదు. ఆమెకు ఆన్‌లైన్ పరీక్ష ఉందని రాశారు కదా. ఆ రోజు మాత్రం వైరు ఆమె ల్యాప్‌టాప్‌కే నేరుగా పెట్టండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మీరు వీడియోలో చూసిన రెండో పద్ధతి గురించి అడిగారు: రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) కొట్టి, అడాప్టర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో టిక్ పెట్టడం. అది పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ మీరున్న చోట చేయొద్దు. ఎందుకంటే అందులో దిశ ఉంది. నెట్ ఎటు నుంచి వస్తోందో ఆ అడాప్టర్ మీద టిక్ పెట్టాలి, ఎటు పంచాలో అది కింద లిస్టులో ఎంచుకోవాలి. తారుమారైతే మీ ల్యాప్‌టాప్ హాస్టల్ ల్యాన్ వైపు తిరిగి అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. పక్క గదిలో కంప్యూటర్ ఆన్ చేసినవాళ్లకు హాస్టల్ రౌటర్ కన్నా మీ ల్యాప్‌టాప్ ముందు జవాబిస్తే, వాళ్లు మీ వెనక చేరి నెట్ లేకుండా కూర్చుంటారు.

ఇది కల్పించి చెప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌లో సాయంత్రం నుంచి ఒక అంతస్తు మొత్తం నెట్ లేదని పిలిస్తే వెళ్లాను. గదుల నెట్ వైర్లన్నీ కలిసే స్విచ్ బాగుంది, లైను బాగుంది. ఒక అబ్బాయి కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ (అడ్రస్ చూపించే ipconfig కమాండ్) కొట్టి చూస్తే 192.168.137 తో మొదలయ్యే అడ్రస్. అక్కడి రౌటర్ ఇచ్చేవి 10తో మొదలయ్యేవి. అది చూడగానే అర్థమైంది, ఎవరో షేరింగ్ టిక్ తిరగేసి పెట్టారు. ఎవరన్నది తెలియాలి కదా. స్విచ్ దగ్గర కూర్చుని ఒక్కో వైరూ పీకుతూ, ప్రతిసారీ అడ్రస్ మళ్లీ తీసుకుంటూ వెళ్లాను. రాత్రి రెండింటికి దొరికింది. ఆ గది అబ్బాయి పాపం తన ఫోన్‌కు నెట్ పెట్టుకుందామనుకున్నాడు అంతే, తన వల్ల అంతస్తంతా ఆగిపోయిందని అతనికి తెలియనే తెలియదు. మర్నాడు పొద్దున్నే కొందరికి ప్రాజెక్ట్ సబ్మిషన్ ఉందట. అందుకే చెప్తున్నాను, మొబైల్ హాట్‌స్పాట్ బటన్‌తోనే చేసుకోండి. అది వైఫై వైపుకు పంచుతుంది, వైరు వైపుకు తిరగదు. షేరింగ్ ట్యాబ్‌లో ఇప్పటికే ఏదైనా టిక్ పెట్టి ఉంటే, ఇది చదువుతూనే వెళ్లి తీసేయండి.

ఇలా పంచుకోవడం గురించి హాస్టల్ యజమానిని ఒక మాట అడిగారా? హాస్టల్ నెట్ లాగిన్ మీ పేరు మీద ఉందని రాశారు. న్యాట్ వెనక నుంచి రూమ్మేట్ ఏం చూసినా, టీవీ ఎంత లాగినా, రికార్డులో మీ పేరే పడుతుంది. మీ ఇద్దరికీ అది సమ్మతమైతే, యజమానికీ అభ్యంతరం లేకపోతే హాయిగా వాడుకోండి. కొన్ని నెట్‌వర్క్‌లు ఇలా వెనక నుంచి వచ్చే డేటాను గుర్తించి ఆపేస్తాయి. అక్కడ దాన్ని దాటే ట్రిక్కులు నేను చెప్పను. ఒక్కరికే అని అమ్మినది ఒక్కరే వాడాలి. రూమ్మేట్‌కు ఇంకో లాగిన్ తీసుకుంటే పోతుంది.

మీది సొంత ల్యాప్‌టాపే కదా? ఆఫీసు ఇచ్చినదైతే ఇదంతా వదిలేయండి. చాలా కంపెనీలు షేరింగ్‌ను పాలసీలోనే మూసేస్తాయి, మీట బూడిద రంగులో ఉండిపోతుంది. మూయకపోయినా, ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి) ఆన్ అయినప్పుడు మీ డేటా దారి మారిపోయి హాట్‌స్పాట్ ఫోన్లకు నెట్ ఆగిపోతుంది. దాన్ని సరిచేయడానికి వెళ్తే ఆఫీసు నెట్‌వర్క్ గుమ్మం ముందు పరాయి ఫోన్లను నిలబెట్టినట్టవుతుంది. ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు.

స్పీడు గురించి అడిగారు. వైరులో వచ్చి వైఫైలో వెళ్తోంది కాబట్టి మీకు పెద్దగా తగ్గదు. వైఫైలో వచ్చిన నెట్‌ను అదే కార్డుతో వైఫైలోనే పంచేవాళ్లకు మాత్రం సుమారు సగం పోతుంది, ఒకే రేడియో రెండు వైపులా మాట్లాడాలి కనుక. మీ వైరు లింకు స్పీడు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిందని స్క్రీన్‌షాట్‌లో చూశాను. గిగాబిట్‌కు కేబుల్‌లో 8 తీగలూ పనిచేయాలి, 100కు 4 చాలు. అంటే ఆ కేబుల్‌లో ఏదో తీగ తెగి ఉండొచ్చు, లేదా హాస్టల్ స్విచ్చే 100ది కావచ్చు. వేరే కేబుల్ పెట్టి ఒకసారి చూడండి. మీ మూడు పరికరాలకు 100 కూడా సరిపోతుంది, ఇది తొందరేమీ లేదు. విండోస్ హాట్‌స్పాట్‌కు 8 పరికరాల పరిమితి ఉంది, మీకు ఆ బాధా లేదు.

ఒకటి పనిచేయకపోవచ్చు: హాస్టల్ వైఫైలో ఉన్న ప్రింటర్ మీ ఫోన్‌లో కనబడకపోవడం. ఇందాకటి వాచ్‌మన్, అంటే న్యాట్, లోపలివాళ్ల పని బయట చేసిపెడతాడు గానీ, ‘ఇక్కడ ప్రింటర్ ఎవరు’ అని మీరు వేసిన కేకను గేటు దాటించడు. ల్యాప్‌టాప్ నుంచే ప్రింట్ ఇవ్వండి.

వేరే సిస్టమ్ వాడేవాళ్లకు రెండు మాటలు. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్‌లో ఇంటర్నెట్ షేరింగ్ ఉంటుంది. వైరులో వచ్చిన నెట్‌ను వైఫైలో పంచుతుంది, వైఫైలో వచ్చినదాన్ని తిరిగి వైఫైలోనే పంచదు. ఉబుంటులో వైఫై సెట్టింగుల్లో మూడు చుక్కల మెనూలో హాట్‌స్పాట్ ఉంటుంది, అక్కడ అడ్రసులు 10.42.0 తో మొదలవుతాయి. ఊళ్లలో కేబుల్ నెట్‌కు డయలర్‌లో యూజర్ నేమ్ కొట్టి వాడేవాళ్లకు మొబైల్ హాట్‌స్పాట్ చాలాసార్లు ‘కనెక్షన్ లేదు’ అంటుంది. దానితో కుస్తీ పట్టకండి, అదే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఒక మామూలు రౌటర్‌లో కొట్టుకుంటే ఇంటిల్లిపాదికీ వస్తుంది. వైఫై కార్డు లేని డెస్క్‌టాప్‌కు ఫోన్ నెట్ కావాలంటే యూఎస్‌బీ టెదరింగ్, అంటే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి దాని నెట్ వాడుకోవడం, అన్నిటికన్నా తేలిక.

ఆరు నెలలు అక్కడే ఉండేటట్టయితే మీరూ ఒక చిన్న రౌటర్ కొనుక్కోండి, ల్యాప్‌టాప్‌ను రాత్రంతా నడపడం కన్నా కరెంటూ తక్కువ, బ్యాటరీకీ మంచిది. యజమానికి చెప్పే పెట్టండి. గోడ నుంచి వచ్చే వైరు దాని వ్యాన్ (WAN) పోర్టులోనే, అంటే బయటి నెట్ వచ్చే పోర్టులోనే పెట్టాలి, సాధారణంగా రంగు వేరుగా ఉంటుంది. పొరపాటున ల్యాన్ పోర్టులో పెడితే ఇందాక చెప్పిన అంతస్తు కథే మళ్లీ జరుగుతుంది.

ముందు డీఎన్ఎస్ మార్చి చూసే పరీక్ష చేయండి, దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పని కాకపోతే యాంటీవైరస్ పేరు, ఫోన్‌లో కనబడుతున్న అడ్రస్, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉండగా ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ చూపించేది, ఈ మూడూ ఇక్కడే పెట్టండి. లాగిన్ పేరు, హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ స్క్రీన్‌షాట్‌లో కనబడకుండా చెరిపేసి పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.